కట్ చేస్తే సరే అన్నట్టు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో రైలు పట్టాలు తప్పదు, ఎవరి కాలూ విరగదు, ఇల్లు అంటుకోదు. అయినా మా సంసారంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంతవరకు జరగలేదు. దానికి కారణం నా ఎడమచేతి బొటనవేలు. అది ఇప్పటికీ నా చేతికే ఉంది గానీ దాన్ని నేను పూర్తిగా నమ్మడం మానేశాను.

నేనుండేది వికారాబాద్‌లో. ఉద్యోగం తాండూరులో, నాపరాళ్లు కోసి పాలిష్ చేసే ఒక యూనిట్‌లో. ఏ బండ ఏ లారీ ఎక్కాలో సుద్దముక్కతో గీత గీసి చెప్పడం నా పని. పొద్దున రైలెక్కి పోతాను, సాయంత్రం రైలెక్కి వస్తాను. రాయి కోసే మిషన్ల మోత ఎట్లా ఉంటుందంటే, పక్కనున్న మనిషి మనల్ని పేరు పెట్టి తిట్టినా మనం నవ్వుతూ తల ఊపుతాం. అక్కడ ఫోన్లో మాట్లాడటం అయ్యే పని కాదు. అందుకని పెళ్లయిన కొత్తల్లోనే నేనూ మా ఆవిడ సుజాతా ఒక పద్ధతి పెట్టుకున్నాం. తను అడగాల్సింది మెసేజ్‌లో రాస్తుంది. ఆ వెంటనే ఫోన్ చేస్తుంది. నేను కట్ చేస్తే సరే అన్నట్టు. ఎత్తితే కాదన్నట్టు. ఎందుకంటే కాదనాలంటే కారణం చెప్పాలి, కారణం చెప్పాలంటే మోత వినపడని చోటికి, గేటు దాటి రోడ్డు దాకా నడవాలి.

"ఇయ్యాల వంకాయ చేస్తున్న." రింగు, కట్. "మా అమ్మ వస్తదంట, నాలుగు దినాలు ఉంటది." రింగు, కాస్త ఆలోచించి కట్. పదిహేనేళ్లు మా సంసారం ఇట్లాగే సాఫీగా నడిచింది. రోడ్డు దాకా నడవడానికి బద్ధకించి ఒప్పుకున్నవే అందులో సగం ఉంటాయి. ఆ సంగతి దాచిపెట్టి, భార్య మాటకు ఎదురుచెప్పని మొగుణ్ని అని నలుగురిలో చెప్పుకుని తిరిగేవాణ్ని.

ఒక్క విషయంలో మాత్రం నేను కట్టూ చెయ్యలేదు, ఎత్తనూ లేదు. సుజాత లెక్కల్లో బీఎస్సీ, ఆ పైన బీఈడీ. పెళ్లికి ముందు రెండేళ్లు పాఠాలు కూడా చెప్పింది. మా అమ్మాయి హాస్టల్‌లో చేరినప్పటి నుంచి మళ్లీ బడికి పోతానని అడుగుతోంది. ధారూర్‌లో ఒక ప్రైవేటు బడి వాళ్లు రమ్మంటున్నారు కూడా. నేనేనాడూ వద్దనలేదు, ఆ పాపం నాకు అంటగట్టకండి. "చూద్దాం" అన్నాను. రెండేళ్లు అదే మాట అన్నాను. నా అసలు భయం ఏమిటో తనకు చెప్పలేదు గానీ మీకు చెబుతాను. పొద్దున ఏడింటికి వెచ్చవెచ్చగా నా చేతికొచ్చే టిఫిన్ డబ్బా. తనూ నాతోపాటు అదే రైలు ఎక్కితే ఆ డబ్బా ఎవరు కడతారు? ఒక మనిషి చదువు మీద మూత పెట్టి కూర్చున్నది మూడు గిన్నెల డబ్బా అంటే నాకే సిగ్గుగా ఉంది. అప్పుడు ఆ సిగ్గు కూడా లేదు.

ఇక ఫోన్ సంగతికి వస్తాను. అప్‌డేట్ వచ్చింది, చేసుకో, చేసుకో అని అది వారం నుంచి ప్రాణం తీస్తోంది. ఒక సోమవారం పొద్దున రైలు క్రాసింగ్ కోసం ధారూర్‌లో ఆగింది. ఏమీ తోచక, సరే పోనీ అని నొక్కాను. తాండూరులో దిగి చూసుకుంటే అది నా ఫోన్ కాదు. బొమ్మలన్నీ గుండ్రంగా అయ్యాయి, అక్షరాలు గాజు వెనక నుంచి తొంగి చూస్తున్నాయి, గడియారం మాత్రం సగం తెర ఆక్రమించింది. మనం ఊరెళ్లి వచ్చేలోపు ఎవరో మన ఇంట్లో దూరి వంటిల్లు తీసుకెళ్లి మేడమీద పెట్టినట్టుంది. ఎందుకు మార్చారని అడుగుదామంటే అడిగే చోటు కూడా ఎక్కడికో మార్చారు.

కోత మిషన్ నడిపే ఖాజా భాయ్ నా వంక వింతగా చూశాడు. చాయ్ టైముకు మిషన్ ఆపి దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది రెడ్డి సాబ్, పట్టపగలు బత్తీ పట్టుకుని తిరుగుతున్నరు?"

"మెసేజ్‌లు దేవులాడుతున్న ఖాజా భాయ్."

"బత్తీ పెట్టుకుని దేవులాడాల్నా?"

"దేవులాడుతుంటేనే బత్తి వచ్చింది. ఇదివరకు పైనుంచి లాగితే మెసేజ్‌లు వస్తుండె. ఇప్పుడు లైటు వస్తుంది."

"పాతది మంచిగనే ఉండె గదా, ఎందుకు మార్చిన్రు?"

"నన్నడుగుతవేంది? నాకు చెప్పి మార్చిన్రా?"

ఇది చిన్న బాధ. పెద్ద బాధ ఫోన్ ఎత్తడంలో వచ్చింది. ఇదివరకు ఫోన్ మోగితే వేలితో కిందనుంచి పైకి తోస్తే చాలు. కొత్తదాంట్లో కుడికి తోస్తే ఎత్తినట్టు, ఎడమకు తోస్తే కట్ చేసినట్టు. ఇది మీకిప్పుడు తెలిసింది. నాకప్పుడు తెలియదు. నేను పైకే తోశాను. కుడిచేతిలో ఎప్పుడూ సుద్దముక్క ఉండే మనిషిని కాబట్టి నా ఫోన్ ఎడమచేతిలో ఉంటుంది, ఎడమచేతి బొటనవేలు పైకి పోతూ పోతూ ఎడమకే వాలుతుంది. కావాలంటే మీరిప్పుడు తోసి చూడండి, ఎవరూ చూడట్లేదు.

మంగళవారం పొద్దున ఇంట్లో చాయ్ తాగుతుంటే మా తమ్ముడు ఫోన్ చేశాడు. తోశాను. కట్ అయింది.

"ఎవరు?" అంది సుజాత.

"తమ్ముడు."

"మరెందుకు కట్ చేసిన్రు?"

"నేనెక్కడ కట్ చేసిన? లేపిన. అదే కట్ అయింది."

"మళ్లా చేస్తడు తియ్యి."

మళ్లీ చేశాడు. మళ్లీ కట్. మూడోసారి కూడా చేశాడు, నా తమ్ముడికి ఓపిక ఎక్కువ. మూడోసారీ కట్. సుజాత పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, చాయ్ గ్లాసు అట్లాగే చేతిలో పెట్టుకుని నా వేలినీ ఫోన్‌నూ చాలాసేపు చూసింది. పాపం, నా అవస్థకు జాలిపడుతోందనుకున్నాను.

బుధవారం వచ్చింది. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, మిషన్లన్నీ నడుస్తున్నాయి, ఒళ్లంతా రాతి నీళ్లు. జేబులో ఫోన్ వణికి ఆగింది. మెసేజ్ అన్నమాట. చూద్దామని పైనుంచి లాగితే లైటు వెలిగింది. ఆర్పుతుంటే సుజాత ఫోన్ మోగింది. ఏం రాసిందో చదవకుండా సరే అనడం మంచిది కాదు, ఎత్తి గేటు దాకా పోయి మాట్లాడదాం అనుకున్నాను. చూశారా, నా జీవితంలో మొదటిసారి రోడ్డు దాకా నడవడానికి నేను సిద్ధపడ్డ రోజు అది. తోశాను. కట్.

మళ్లీ మోగింది. నిదానంగా తోశాను. కట్.

మూడోసారి సుద్దముక్క పారేసి, వేలు ప్యాంటుకు తుడుచుకుని, దేవుణ్ని తలుచుకుని తోశాను. కట్. ఆ తర్వాత ఇక మోగలేదు.

ఖాజా భాయ్ మిషన్ ఆపి వచ్చాడు. "ఇటియ్యుర్రి సాబ్. మా ఇంట్ల ఆమె ఫోన్ గూడ గిట్లనే ఖరాబైంది. కుడి మూలకెళ్లి లాగితే బత్తి, ఎడమ మూలకెళ్లి లాగితే మెసేజ్" అని లాగి చూపించాడు. ఇద్దరం కలిసి చదివాం.

"ధారూర్ బడివాళ్లు ఫోన్ చేసిండ్రు. ఇయ్యాల రెండింటి లోపల చెప్పకుంటే వేరేవాళ్లను తీసుకుంటరంట. సరే అంటే కట్ చెయ్యుర్రి. వద్దంటే లేపి, ఎందుకు వద్దో చెప్పుర్రి."

ఖాజా భాయ్‌కి మా పద్ధతి తెలుసు. "ఎన్నిసార్లు కట్ చేసిన్రు?" అని అడిగాడు.

"మూడుసార్లు."

"అయిపాయె సాబ్. మా నిఖాల గూడ మూడుసార్లే ఖబూల్ అంటరు. ఇగ మాట మార్చేటందుకు లేదు."

ఫోన్ ఎట్లా ఎత్తాలో, ఎట్లా చెయ్యాలో అన్నీ చూపించి పోయాడు. నేను గేటు బయటికి ఉరికాను. చూపించాడు గానీ కంగారులో నాకేం గుర్తుంటుంది? ఇదివరకు పేరు మీద నొక్కితే ఫోన్ పోయేది, ఇప్పుడు పేరు మీద నొక్కితే ఆ మనిషితో ఎప్పుడెప్పుడు మాట్లాడామో చరిత్రంతా విప్పుతోంది. వెనక్కి వచ్చి పైనున్న ఒక గుండ్రటి ఫొటో మీద నొక్కాను. ఫోన్ పోయింది. యాలాల్‌లో ఉన్న మా అత్తమ్మకు పోయింది.

"అల్లుడా, మీకే చేద్దామనుకుంటున్న. సుజాత ఇప్పుడే చెప్పింది" అంది ఆవిడ.

"అత్తమ్మా, జర నా మాట వినుర్రి. అది ఏమైందంటే..."

"మూడుసార్లు సరే అన్నరంట గదా. ఒక్కసారంటే చాలకపోవునా? మీకెంత సంబురముంటే మూడుసార్లంటరు."

"అది కాదత్తమ్మా, ఫోను..."

"పదిహేనేండ్ల సంది సర్టిఫికెట్లు బీరువాల పట్టుచీరెల కింద దాచిపెట్టుకున్నది బిడ్డ. నేనొచ్చినప్పుడల్లా తీసి చూసుకుంటుండె. మీ మీద ఒక్క మాట చెప్పలే. మీరు ఏనాడన్నా సరే అంటరని నాకు నమ్మకం ఉండె అల్లుడా."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆ బీరువా నేను రోజూ తెరుస్తాను. నా చొక్కాల అర కిందదే పట్టుచీరల అర. అక్కడ సర్టిఫికెట్లు ఉన్నాయన్న సంగతి నాకు తెలియదు.

టైము ఒంటిగంటన్నర. కాదని చెప్పడానికి ఇంకా అరగంట ఉంది. ఫోన్ ఎట్లా చెయ్యాలో ఇప్పుడు కాస్త నిదానిస్తే గుర్తుకొస్తోంది కూడా. చేతిలో పట్టుకుని రెండయ్యేదాకా ఆ రోడ్డు మీదే నిలబడ్డాను. చెయ్యబుద్ధి కాలేదు.

సాయంత్రం రైలు ధారూర్‌లో ఆగితే సుజాత ఎక్కింది. నేను ఏ డబ్బాలో కూర్చుంటానో తనకు తెలుసు. ఇస్త్రీ చేసిన కాటన్ చీర, భుజాన బ్యాగు, చేతిలో జిలేబీ పొట్లం. బడికి వెళ్లి చెప్పి వస్తోందట.

"మొదలు మీరే తినాలె. సోమవారం నుంచి రమ్మన్నరు. ఆరు, ఏడు తరగతులు ఇచ్చిన్రు."

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను. నోట్లో జిలేబీ పెట్టింది.

"ఏందట్ల చూస్తున్నరు? మూడుసార్లు కట్ చేసిన్రు గదా."

"ఆ... ఒక్కసారైతే నువ్వు నమ్మవని" అన్నాను.

ఎదురు సీటాయన నన్ను చూసి, "మంచి మనిషివన్నా" అన్నాడు. జిలేబీ మింగుడు పడలేదు, అయినా రెండోది కూడా తిన్నాను.

ఇదంతా జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు పొద్దున నేను పప్పు వేస్తాను, తను చపాతీలు చేస్తుంది. తాండూరు కందిపప్పు ఎంత పేరున్నదైనా నా చేతిలో మొదటి నెలంతా అడుగంటింది. ఇప్పుడు ఖాజా భాయ్ తన డబ్బా పక్కన పెట్టి నా డబ్బాలో చెయ్యి పెడుతున్నాడు. రైల్లో ధారూర్ దాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. అక్కడ ప్లాట్‌ఫాం మీంచి తన బడి పిల్లలు "మేడం, మేడం" అని చేతులూపుతారు. మా ఆవిడ ఇంత గట్టిగా నవ్వగలదని పదిహేనేళ్లలో నేను గమనించనే లేదు. ఇంత మంచి జరిగినా, ఒప్పుకున్నది నేను కాదు, నా వేలని లోపల ముల్లు ఒకటి గుచ్చుతూనే ఉంది. మొన్నొక పొద్దున వికారాబాద్ దాటగానే ఇక ఆగలేక చెప్పేశాను.

"సుజాతా, ఒక ముచ్చట. ఆ దినం నేను సరే అనలే. లేపుదమనే తోసిన. అది కట్ అయింది. మూడుసార్లూ."

తను ఒళ్లో పెట్టుకున్న పరీక్ష పేపర్ల మీంచి తల ఎత్తలేదు. ఎర్రపెన్నుతో టిక్కు పెట్టి పేపరు తిప్పింది.

"నాకెరుకే" అంది.

"ఎట్ల?"

"మంగళవారం పొద్దున మీ తమ్ముని ఫోన్ మూడుసార్లు కట్ అయింది గదా. మీ వేలు ఎటు పోతుందో చూసిన. ఇంకో రెండు దినాలైతే నేర్చుకుంటరని బుధవారమే అడిగిన."

"మరి రెండింటి లోపల చెప్పాలని బడివాళ్లు..."

"వాళ్లు ఏం గడువు పెట్టలే. అది నేను పెట్టింది."

"సరే, ఒక్కసారి కట్ అయింది గదా. మళ్లా రెండుసార్లు ఎందుకు చేసినవు?"

"లెక్క చేసినంక మూడుసార్లు సరిచూసుకోవాలె. పిల్లలకు గూడ అదే చెప్త" అని పేపర్లు బ్యాగులో సర్దుకుని, ధారూర్ రాగానే దిగిపోయింది.

రైలు కదిలింది. పదిహేనేళ్లు రాళ్ల మధ్య తిరిగితే తిరిగాను గానీ, తెలివి రాయి కాకూడదని నాకు నేనే గట్టిగా చెప్పుకుని, ఆ డబ్బాలో ఉన్న జనమంతా సాక్షిగా మనసులోనే ఒక ప్రమాణం చేశాను. ఇక మీదట ఏం అడిగారో చదవకుండా, ఏ వైపు తోస్తున్నానో చూడకుండా నా బొటనవేలు ఫోన్ మీద పెట్టను. లెక్కల టీచరు ఎదుట చాయ్ తాగుతూ అసలే పెట్టను.

ప్రమాణం ఇంకా ఆరలేదు, ఫోన్ వణికింది. ఎడమ మూల నుంచి లాగాను. సుజాత మెసేజ్. "ఎండాకాలం సెలవులల్ల స్కూటీ నేర్చుకుంట."

వెంటనే రింగు వచ్చింది. మెసేజ్ రెండోసారి చదివాను. కుడి ఏదో, ఎడమ ఏదో సరిచూసుకున్నాను. చూసుకుని, నిదానంగా, తెలిసి తెలిసి, ఎడమకే తోశాను.