అవ్వ చెవిన పడ్డ క్షయం

కుదురు అనేది నలభై దాటాక పట్టుకునే జబ్బని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజుల్లో నాకది సోకలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయి రెండేళ్లు ఖాళీగా తిరిగి, మేడ్చల్ బస్ డిపో వెనకాల ఒక అవ్వ ఇంట్లో గది తీసుకున్నాను. అక్కడి ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు మీడియం లెక్చరర్ పోస్టు ఉంది. సోమవారం ఒక పాఠం చెప్పి మెప్పిస్తే నాది, లేదంటే నాయిన కిరాణా దుకాణంలో కూర్చోవాలి. (కూర్చోవడమే కదా నాకు చేతకానిది!) అందరూ చెప్పేదే చెబితే ఏం గొప్పని, అప్పుడప్పుడే బయటపడిన వింత ఒకటి ఎంచుకున్నాను. ప్రోటాన్లు మరీ ఎక్కువైన ఒక రకం ఇనుము కేంద్రకం, వాటిని పట్టి ఉంచలేక రెండింటిని ఒకేసారి బయటికి తోసేస్తుంది. ఒక్కటే పోదామంటే శక్తి చాలదు, జంటగానే పోవాలి. కేంద్రకం ఇలా తరిగిపోవడాన్నే మా పుస్తకాల్లో క్షయం అంటారు.

మూడు రోజులు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ కిటికీ అవతల అవ్వ వాకిలి ఊడుస్తుండగా బిగ్గరగా వల్లె వేశాను. "ఇది అత్యంత అరుదైన క్షయం! దీని అర్ధాయువు అతి స్వల్పం! రెండూ ఒకేసారి పోతాయి!" రెండో రోజు నుంచి అవ్వ పొద్దున్నే రెండు ఉడకబెట్టిన గుడ్లు గడప మీద పెట్టసాగింది. నా గ్లాసు వేరు చేసింది. "తిను బిడ్డా, పరేషాన్ గాకు" అని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయేది. నా విద్వత్తుకు దక్కిన మర్యాద అనుకుని తినేశాను.

సోమవారం క్లాసులో ముందు బెంచీలన్నీ ఖాళీ. ప్రిన్సిపాల్ ముక్కుకు రుమాలుతో కిటికీ పక్కన నిలబడ్డాడు. "పాఠం తర్వాత. ముందుగాల దవాఖాన చీటీ చూపియ్యి. క్షయ ఉన్నోన్ని పిల్లల నడుమ ఎట్ల నిలవెట్టాలె?" తలుపు దగ్గర అటెండరు (అవ్వ అల్లుడని అప్పుడే తెలిసింది) నేలచూపులు చూస్తూ, "రెండు ఊపిరితిత్తులు ఒక్కపారే పోతయని చెప్పుకుంట ఏడ్సిండంట సార్, మా అత్త చెవులార ఇన్నది" అన్నాడు.

"క్షయం నాది కాదు సార్, కేంద్రకానిది!" అని అరిచి, బోర్డు మీద గీసి పాఠమంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. పిల్లలు పడీ పడీ నవ్వి, ఒక్కొక్కరే ముందు బెంచీలకు వచ్చారు. రుమాలు జేబులోకి వెళ్లింది, ఉద్యోగం నాకు వచ్చింది.

సాయంత్రం అవ్వకు విప్పి చెప్పాను, ఆ క్షయం నాకు కాదు, ఇనుముకని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇనుముకు తుప్పు వడ్తది గని క్షయ ఎట్లొస్తది బిడ్డా? గింత సదివినవ్, గది తెల్వదా?" మర్నాటి నుంచి గుడ్లు బంద్.

ఇప్పుడు అదే పాఠం కుర్చీలో కూర్చుని మైకులో చెబుతాను. అర్ధాయువు దగ్గరికి రాగానే గొంతు దానంతటదే తగ్గుతుంది, చూపు కిటికీ వైపు పోతుంది. అవతల ఎవరూ ఉండరు. ఆ గుడ్ల మీద బెంగ ఇంకా తీరలేదు. మూడు రోజులు నేనెక్కడ పోతానోనని భయపడుతూ నా పాఠం విన్న అవ్వ మీద అయితే అసలే తీరలేదు.