లేచి కూర్చున్న రాజుగారు

ఆ రోజుల్లో, అంటే కర్నూలు మనకు రాజధానిగా వెలుగుతున్న రోజుల్లో, నాకు ఇరవై ఏళ్లు, ఆళ్లగడ్డ ఆడపిల్లల బడిలో టీచరుద్యోగం, దానికి తోడు ఊరంత పిరికితనం. నలుగురు పెద్దవాళ్లు ఎదురుగా కూర్చుంటే చాలు, నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. నంద్యాలలో ఉన్న మా నాయనకు ఇది బాగా తెలుసు. "పదిమంది ముందర నోరు పెగలదు, నువ్వు పంతులమ్మవా? మీ బడి వార్షికోత్సవానికి వస్తా. బాగలేకుంటే ఆ పొద్దే బస్సెక్కించి ఇంటికి పిల్చుకొని పోతా" అన్నాడు. అన్నాడంటే చేసేవాడే. ఆ నెలంతా నాకు అన్నం సయించలేదు.

నాటకం నేనే రాశాను. యుద్ధంలో రాజు చచ్చిపోతాడు, రాణి వచ్చి పద్యం పాడి ఏడుస్తుంది. (ఆ నెలలో నాకు సంతోషమైన కథ ఎలా తడుతుంది చెప్పండి?) రాణి వేషానికి తరగతిలోకెల్లా పిరికిపిల్లను పెట్టాను, పాపం నా పోలికే అని. రాజు వేషం, బడంతా 'మిడత' అని పిలిచే ఒక గడుగ్గాయిది. పిల్లలు మాట మరిచిపోతే తెర చాటునుంచి అందించడం నా పని. నేను రాసిన పద్యానికి నాకు కాగితమెందుకని, పొగరుగా వట్టి చేతులతో నిలబడ్డాను.

ఎండ తగ్గకముందే బడి ఆవరణ నిండిపోయింది. తెర సందులోంచి చూస్తే ముందు వరుసలోనే మా నాయన, ఒళ్లో గొడుగు పెట్టుకుని, మూతి బిగించుకుని!  అనుకున్నట్టే రాజు చచ్చాడు. రాణి వచ్చి "లేవవేమయ్య రాజా" అని ఎత్తుకుని అక్కడే ఆగిపోయింది. నా వైపే చూస్తోంది. నేను నోరు తెరిచాను. దేవుడా, నేను రాసిన పద్యంలో ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు! జనంలో నవ్వులు మొదలయ్యాయి. ఆ పసిదాన్ని అలాగే వదిలేసి నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

అప్పుడు పద్యం వినపడింది. కళ్లు తెరిస్తే, చచ్చిన రాజు లేచి కూర్చుని, రాణి చెయ్యి పట్టుకుని రెండో పాదం పాడుతున్నాడు! రాణి మెల్లగా గొంతు కలిపింది. ఇద్దరూ పద్యం పూర్తి చేశాక రాజు బుద్ధిగా పడుకుని మళ్లీ చచ్చిపోయాడు. జనం ఊరుకుంటారా? పద్యం నచ్చితే "ఒన్స్ మోర్" అని అరిచి మళ్లీ పాడించుకోవడం మా వైపు అలవాటు. అరుపులే అరుపులు. ఈసారి రాణే మిడత రెక్క పట్టుకుని లేపింది.

తెర పడ్డాక మిడతను పట్టుకుని, "సచ్చినదానివి ఎందుకు లేసినావే?" అన్నాను.

"ఆయమ్మి ఒగతే నిలబడుకోని ఉండాది గదా టీచరమ్మా. సచ్చినానని యట్ల పండుకునేది?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అంతలోనే నాయన వచ్చాడు. బస్సు మాటే ఎత్తుతాడనుకున్నాను. "నీకు నోరు లేదు గానీ మ్మే, పిల్లోల్లకు బాగా నేర్పినావ్. ఉండు ఈన్నే" అని, గొడుగు చంకన పెట్టుకుని ఒక్కడే నంద్యాల బస్సెక్కాడు.

రాజును అలా లేవమని నేర్పింది నేను కాదని చెప్పే ధైర్యం ఆ రోజు లేకపోయింది. ఆయన ఉన్నంత కాలమూ రాలేదు. ముప్పై ఏళ్లకు పైగా పంతులమ్మగా ఉండి, ఏటా నాటకాలు వేయించి, ప్రతిసారీ కాగితం చేత పట్టుకునే నిలబడ్డాను. ఇదిగో, ఇప్పుడు మీకు చెప్పేశాను. (ఆలస్యమైందంటారా? నా ధైర్యం బస్సెక్కదు, నడిచే వస్తుంది.) మిడత అయితే ఆ రోజే చెప్పేసేది.