సముద్రరాజు కూతురి పురుడు

నా తొలి కాన్పుకి అమ్మ అమెరికాలో మేముండే నోవైకి వచ్చేసరికి మా అపార్ట్‌మెంట్ ముందు మంచు మోకాళ్ళ లోతున పేరుకుని ఉంది. ఆ చలికి త్వరగానే అలవాటు పడింది గానీ, పురిటిగదిలోకి మా ఆయన కూడా వస్తాడన్న సంగతి మాత్రం అమ్మకి ఎంతకీ మింగుడుపడలేదు. మా ఆయనేమో హాస్పిటల్ వాళ్ళ క్లాసులన్నిటికీ నాతో వచ్చి, ఊపిరి ఎలా పీల్చి వదలాలో నాకంటే బాగా నేర్చుకున్నాడు. సాయంత్రాలు ఇద్దరం సోఫాలో కూర్చుని బుసలు కొడుతుంటే అమ్మ వంటింట్లోంచి చూసి తల పట్టుకునేది.

పక్క అపార్ట్‌మెంట్‌లో అమ్మ ఈడు జపాన్ ఆవిడ ఒకరు ఉండేవారు. ఆవిడ భర్త కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. అమ్మకి ఇంగ్లీషు అంతంత మాత్రమే కాబట్టి ఆవిడని "వదినగారూ" అని పలకరించేది. అది తెలుగువాళ్ళ నమస్కారం అనుకుని ఆవిడా అమ్మని "వదినగారూ" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ టీకి వచ్చినప్పుడు మా ఇంట్లో గొడవ చెప్పాను. ఆవిడ నవ్వి, తమ దేశంలో పాతకథ ఒకటుందన్నారు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే నేను అమ్మకి తెలుగులో చెప్పాను.

ఒక రాకుమారుడు సముద్రరాజు కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. నెలలు నిండాక ఆమె ఒడ్డున పురిటి పాక వేయించుకుని, కనేటప్పుడు తమవాళ్ళు అసలు రూపానికి వచ్చేస్తారనీ, లోపలికి తొంగి చూడవద్దనీ భర్తకి చెప్పింది. అతను ఆగలేక చూశాడు. లోపల పెద్ద మొసలి మెలికలు తిరుగుతూ పొర్లుతోంది. భర్త చూశాడని తెలిసి ఆమె సిగ్గుతో చితికిపోయి, బిడ్డని వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోయింది.

"మొసలేనా?" అని అమ్మ అడిగింది.

కొందరు షార్క్ అని కూడా చెబుతారట. అమ్మకి మొసలే నచ్చింది.

"మరి ఆ పసిగుడ్డుని ఎవరు సాకారు?"

ఆమె తన చెల్లెల్ని పంపిందట. నా చెల్లెలు అప్పుడు టెక్సస్‌లో ఎమ్మెస్ చేస్తోంది. అమ్మ ఫోన్ చేసి కథంతా చెబితే అది నింపాదిగా విని, "నాకు మిడ్‌టర్మ్స్ ఉన్నాయమ్మా, మే దాకా అక్కని మనిషిలాగే మేనేజ్ చేయమను" అంది.

ఆనాటి నుంచి అమ్మ అల్లుడికి కాఫీ ఇచ్చినప్పుడల్లా రాకుమారుడి గతి గుర్తు చేసేది. మా ఆయన పైకి నవ్వేవాడు. కానీ రోజులు దగ్గరపడేకొద్దీ, తను నా తలవైపే నిలబడతానని అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఉప్మా తింటుండగా నొప్పులు మొదలయ్యాయి. మంచులో మెల్లగా డ్రైవ్ చేసుకుంటూ హాస్పిటల్‌కి చేరాం. అమ్మ బయట కుర్చీలో కూర్చుంది. లోపల మా ఆయన అన్న మాట ప్రకారం నా తలవైపు నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడనుకుని నర్సు గొంతు తగ్గించి మాట్లాడింది. నేర్చుకున్న ఊపిరి నాకొక్కటీ గుర్తు రాలేదు. నాకు తెలుసని నాకే తెలియని తెలుగు తిట్లు మాత్రం వరసగా వచ్చాయి. ఏమంటోందని నర్సు అడిగితే, మంచినీళ్ళు అడుగుతోందని మా ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పాడు. ఆమె ఐసుముక్కలు తెచ్చి నోట్లో పెట్టింది. అవి నములుతూ మళ్ళీ తిట్టాను.

నా కేకలు విని బయట అమ్మ ఉండలేకపోయింది. మంకీ క్యాప్‌తో, శాలువాతో వచ్చి డాక్టరు పక్కన నిలబడి, "కానీయమ్మా, ఇంకాస్త, ఇంకాస్త" అంటూ మొదలుపెట్టింది. డాక్టరు తనకి భాష తెలియకపోయినా, అమ్మ చెప్పినట్టే చేయమని నాతో అంది. అంతగా వద్దన్న అమ్మే మొత్తం చూసింది. బిడ్డ ఏడ్చాకే తండ్రి కళ్ళు తెరిచాడు. ఆడపిల్ల.

మర్నాడు మా ఆయన్ని అడిగాను, నిజం చెప్పు, నేనెలా ఉన్నానని.

"చూళ్ళేదుగా, విన్నానంతే" అని కాసేపు ఆలోచించి, "అచ్చం అత్తయ్యలా ఉన్నావు" అన్నాడు.

కుర్చీలో కునుకు తీస్తోందనుకున్న అమ్మ కళ్ళు తెరిచి అల్లుణ్ణి చూసింది.

ఇంటికి వచ్చాక జపాన్ ఆవిడ శుభానికని ఎర్ర బీన్స్‌తో వండిన అన్నం తెచ్చి, పాపని ఒళ్ళో పెట్టుకున్నారు. జరిగిందంతా చెబితే కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆ తర్వాత, తన ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ భర్త ఫ్యాక్టరీలోనే ఉన్నారనీ, ఆ రోజుల్లో అంతేననీ చెప్పి, "చూసి ఉంటే బాగుండేది. నేను ఏ రూపంలో ఉన్నా సరే" అన్నారు.

ఆ మాట అమ్మకి చెప్పాను. అమ్మ లోపలికి వెళ్ళి, నా కోసం శొంఠి, మిరియాలు, బెల్లం వేసి ఉడికించిన కాయం ముద్ద తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ కాస్త తుంచి నోట్లో వేసుకున్నారు. ముఖం చెవులదాకా ఎర్రబడింది. కాసేపటికి గొంతు సవరించుకుని, ఇది దేనికని అడిగారు. కొత్తగా కన్నవాళ్ళు త్వరగా కోలుకోవడానికని చెప్పాను.

ఆవిడ ఒకసారి పాప వంక, ఒకసారి మా అమ్మ వంక చూసి, మిగతాది కూడా మర్యాదగా మింగేశారు.