ఎడమ పక్కన వచ్చిన లారీ

డిపోలో అందరూ ఆయన్ని హారన్ బాబాయ్ అంటారు. బక్కపల్చని వాణ్ణి పహిల్వాన్ అని పిలిచినట్టు, హారన్ కొట్టడమంటే గిట్టని డ్రైవరుకు ఆ పేరు అతుక్కుపోయింది. పగలు సిటీ బస్సు నడిపేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చుని మళ్లీ లారీలు, కార్లు నడిపేవాడు.

"పగలంతా తిప్పింది చాలక ఇంటికొచ్చి ఉత్తుత్తి స్టీరింగు తిప్పే మనిషిని మిమ్మల్నే చూశాను" అనేది భార్య.

"ఇక్కడ బ్రేకు వేస్తే వెనకనుంచి ఎవరూ తిట్టరే" అనేవాడు ఆయన.

ఆ పాత మానిటరు చదరంగా ఉండేది. సినిమా పెడితే పైనా కిందా నల్లపట్టీలు పోను మధ్యలో రిబ్బను ముక్కంత బొమ్మ మిగిలేది. కట్టుడుపళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేసే కూతురికి అది చూసి విసుగొచ్చి, ఒక ఆదివారం కొత్తది కొనిస్తానని తండ్రి చేత స్కూటరు తీయించి దుకాణానికి బయల్దేరదీసింది.

దుకాణంలో గోడ పొడవునా మానిటర్లు వెలుగుతున్నాయి. అమ్మకాల పిల్ల ఓపికగా చెప్పింది. "సినిమాలకీ గేములకీ రెండిటికీ అంటే ఇది చూడండి సార్. బాగా వెడల్పు, కాస్త వంపు తిరిగి ఉంటుంది. సినిమా తెర నిండా వస్తుంది. కార్ల గేములో అయితే పక్క వీధులు, అద్దాలు కూడా కనిపిస్తాయి. మామూలు వెడల్పుది కావాలంటే ఇదిగో, ఇంతకన్నా చిన్నది."

"బల్ల మీద పడుతుందా ఇది?" అంది కూతురు.

"బల్ల చాలకపోతే మీ అమ్మ కుట్టుమిషను జరుపుదాం" అన్నాడు హారన్ బాబాయ్. ఆయన కళ్లు అప్పటికే ఆ వంపు తెర మీద ఉన్నాయి.

కూర్చోబెట్టి స్టీరింగు చేతికిచ్చారు. నాలుగు రోడ్ల కూడలి. సిగ్నలు పచ్చగా పడింది. కారు ముందుకు పోనిచ్చాడు. ధడేలుమని తెర అదిరింది.

"ఎడమ పక్క లారీ వస్తోంది కదా నాన్నా, చూసుకోవా" అంది కూతురు నవ్వుతూ.

"లారీ ఏదీ?"

మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే కూడలి, అదే దెబ్బ. ఈసారి తల తిప్పి చూస్తే లారీ ముక్కు కారు ఎడమ తలుపులో దిగబడి ఉంది. అంత పెద్ద బండి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో అంతుపట్టలేదు. "తెరలో ఏదో లోపముంది, పక్కన బొమ్మ ఆలస్యంగా వస్తోంది" అన్నాడు. అమ్మకాల పిల్ల మరో మానిటరుకు మార్చింది. అక్కడా అంతే.

కూతురి నవ్వు ఆగిపోయింది. వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. "నాన్నా, నా ముక్కునే చూడు. కళ్లు కదపకు. నా చెయ్యి కనిపించగానే చెప్పు."

ఆయన చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపటికీ చెయ్యి రాలేదు. "ఊఁ, మొదలుపెట్టవే" అన్నాడు. అమ్మకాల పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కూతురి చెయ్యి అప్పటికే ఆయన ఎడమ చెవి పక్కన మొదలై, చెంప దాటి, దాదాపు ఆమె భుజం దగ్గరికి వచ్చేసింది.

ఆయనకు తన బస్సు గుర్తొచ్చింది. నిన్న ఉదయం బస్సు కిటకిటలాడుతూ ఉంది. ఫుట్‌బోర్డు మీద కూడా మనుషులు. మొన్నామధ్య ఒక సైకిలువాడు బస్సు పక్క రేకు మీద దబదబా బాది, "కళ్లు నెత్తికెక్కాయా" అని తిట్టాడు. "పొగరు" అనుకుని వదిలేశాడు తను. బస్సు ఎడమ అంచున ఎప్పటికప్పుడు కొత్త గీతలు కనబడితే, డిపోలో ఎవడో గీస్తున్నాడని వాచ్‌మన్ మీద కేకలేశాడు. అవన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి.

బయటికొచ్చాక స్కూటరు తాళం జేబులోంచి తీసి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె బండి తీసింది. దారంతా వెనక సీటులో ఒంటిని బిగబట్టుకు కూర్చున్నాడు. వచ్చేటప్పుడు ఈ పిల్లని తనే వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు.

కంటాసుపత్రిలో గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, వెలుగుచుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. మధ్యమధ్యలో యంత్రం పనిచేయడం మానేసిందనుకున్నాడు. ఆగింది యంత్రం కాదని తర్వాత తెలిసింది.

"నీటికాసులు" అన్నారు డాక్టరు. "కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. నొప్పి ఉండదు. పోయిన చూపు రాదు. మిగిలింది చుక్కల మందుతో కాపాడుకోవాలి."

"ఏటా డిపోలో అక్షరాల బోర్డు అడుగు వరుసదాకా చదివేవాణ్ణండీ."

"మధ్య చూపు బాగానే ఉంది. పోయింది పక్క చూపు."

"పోతే నల్లగా కనిపించాలి కదా. నాకంతా నిండుగానే కనిపిస్తోంది."

"చూపు లేనిచోట మెదడే ఏదో ఒకటి నింపేస్తుంది. అందుకే మీకు తెలియలేదు."

హారన్ బాబాయ్ తల ఎడమకు తిప్పి చూశాడు. "అయితే ఇన్నాళ్లూ నేను నడిపిన రోడ్డులో కొంత నేను కల్పించుకున్నదేనంటారా?"

డాక్టరు మందు రాస్తున్న చెయ్యి ఆపి, అవునన్నట్టు తల ఊపారు.

ఆ రాత్రి ఆయన మెతుకు ముట్టలేదు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా, అదే పదివేలు" అంది భార్య. "కాలేదని నాకెలా తెలుసు?" అన్నాడు.

తెల్లవారి బస్సెక్కి డిపోకు వెళ్లాడు, ప్రయాణికుడిగా. మేనేజరు తలుపు వేసి మెల్లగా చెప్పాడు. "రిటైర్మెంటు దగ్గరికొచ్చింది కదా బాబాయ్. చిన్న రూటు ఇస్తాను, నెమ్మదిగా నడుపుకో. ఈ సంగతి మన మధ్యే ఉంటుంది."

"చిన్న రూటులో తిరిగేవాళ్లూ మనుషులే కదా సార్" అని ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పెట్టాడు.

ఆయన్ని బస్సు తప్పించి డ్యూటీలు వేసే గదిలో కూర్చోబెట్టారు. అక్కడ కూర్చున్న తొలి వారంలోనే డ్రైవర్లను ఒక్కొక్కరినే పిలిచి, "నా ముక్కు చూడు" అని పక్కనుంచి చెయ్యి ముందుకు తెచ్చి చూపించడం మొదలుపెట్టాడు. బాబాయ్‌కి చాదస్తం ముదిరిందని నవ్వుకున్నారు. కళ్లద్దాలవాళ్లను వెక్కిరించే డ్రైవరు ఒకతను కూడా నవ్వుతూనే వచ్చి నిలబడ్డాడు. బాబాయ్ చెయ్యి మొహం ముందుకు వచ్చేసినా అతను ఇంకా "ఊఁ, కానీయ్ బాబాయ్" అంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నమే బాబాయ్ అతన్ని ఆసుపత్రికి వెంటబెట్టుకెళ్లాడు.

మానిటరు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చివరికి ఆయనే కూతుర్ని అడిగాడు. "కొనిస్తానని ఆశపెట్టి ఊరుకున్నావేమే అమ్మలూ." ఈసారి వంపు తెర జోలికి పోలేదు. చిన్నది తీసుకున్నారు. కుర్చీ కాస్త వెనక్కి జరిపితే బొమ్మ చాలావరకు చూపులో ఇముడుతుంది. నల్లపట్టీలు సన్నబడ్డాయి. కుట్టుమిషను దాని చోట అది ఉంది.

మొదటి సినిమాకి ముగ్గురూ కూర్చున్నారు. సగంలో భార్య ఉలిక్కిపడి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది?"

"ఆ ఎడమ తలుపు దగ్గర నక్కి ఉన్నాడు కదండీ, కత్తి పట్టుకుని."

వెనక్కి తిప్పించి మళ్లీ పెట్టించాడు. ఈసారి కళ్లు అటే తిప్పి చూశాడు. మనిషి ఉన్నాడు, చేతిలో కత్తీ ఉంది. ఇందాక తను చూసిన తలుపు మాత్రం ఆయనకు బాగా గుర్తుంది. గడియ, నీలం రంగు, దాని మీద పడ్డ వెలుతురు. తను చూసినప్పుడు దాని దగ్గర ఎవరూ లేరు.

"నువ్వు ఇటు వచ్చి కూర్చో" అన్నాడు భార్యతో, తన ఎడమ పక్క చోటు చూపిస్తూ.