ఆయనకు మిగిలిన ఒక్క మాట

పక్షవాతం వచ్చాక మా ఆయన నోట మిగిలింది ఒకే ఒక్క మాట, స్తోత్రం. ఆకలేసినా స్తోత్రమే, ఫ్యాను ఆపమన్నా స్తోత్రమే, నేను తీసిన చొక్కా నచ్చకపోయినా స్తోత్రమే.

అంతకుముందు ఆయన మండవల్లి వైపు చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. ఈ గట్టు మీద నిలబడి కేకేస్తే అవతలి గట్టు మీద మేత చల్లేవాళ్లు తిరిగి చూసేవారు. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. నేను ఇక్కడే స్కూల్లో లెక్కలు చెబుతాను. ఆయన కుడి చేయి, మాట ఒకే పూట పోయాయి. నడక మాత్రం నెల తిరిగేసరికి కొంత వచ్చింది.

చూడటానికి వచ్చినవాళ్లు ఆ మాట విని కళ్లు తుడుచుకునేవారు. ఇంత కష్టంలోనూ దేవుణ్ణి మరిచిపోలేదని నాతో చెప్పి వెళ్లేవారు. ఒకరోజు ఆయన బాత్రూముకు వెళ్లాలని పదే పదే స్తోత్రం అంటుంటే, మంచం చుట్టూ కూర్చున్న నలుగురూ కళ్లు మూసుకుని ఆయనతో పాటు అనడం మొదలుపెట్టారు. వాళ్లను దాటుకుని నేను ఆయన్ని లేపేసరికి లుంగీ తడిసిపోయింది. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నారు. ఆ నలుగురి మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పాస్టరు గారు మంచివారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మాకు టిఫిను తెచ్చింది ఆయనే. అందుకే ఎదురు చెప్పలేకపోయేదాన్ని. ఇంట్లో పక్షవాతం అన్న మాటే వినపడకూడదనీ, పాజిటివ్‌గా ఆలోచించాలనీ, నయమైపోయిందని రోజూ పైకి అనాలనీ చెప్పి, ‘స్వస్థత పొందాము’ అని రాసిన కాగితం మా ఫ్రిజ్‌కి అంటించి వెళ్లారు. పొద్దున్నే పాల కోసం ఫ్రిజ్ దగ్గరకు వెళ్తే అది కనిపించేది. ఆ తర్వాత మా ఆయనకు స్నానం చేయించి, బొత్తాలు పెట్టి, ఇడ్లీ తినిపించి, మొదటి బెల్లుకు స్కూల్లో ఉండాలి నేను. నయమైపోయిందని ఎవరితో అనను?

డాక్టరు గారు ఏలూరులో మాట నేర్పించే ఒక ముస్లిం అమ్మాయి దగ్గరకు వెళ్లమన్నారు. వారానికి రెండుసార్లు సగం రోజు సెలవు పెట్టి, ఆయన్ని పాసింజరు ఎక్కించి తీసుకెళ్లేదాన్ని. ఆ అమ్మాయి వయసులో చిన్నదే గాని, తొందర లేని మనిషి. మెదడులో మాటలు వెతికే చోట దెబ్బ తగిలిందనీ, ఏళ్ల తరబడి అలవాటైన మాట ఏదో ఒకటి దానంతటదే బయటికి వస్తుందనీ వివరించింది.

“కొందరికి బూతు మాటే మిగులుతుందండీ. మీరు కాస్త నయం” అంది.

ఆ నెలలో నేను నవ్వింది అప్పుడే.

తర్వాత ఆయనకు బాగా వచ్చిన చర్చి పాటొకటి నన్ను మొదలుపెట్టమంది. నాకు రాగం రాదు. తప్పుగా ఎత్తుకునేసరికి ఆయన విసుక్కుని, సరైన రాగంలో తానే అందుకున్నారు. నాలుగు మాటలు స్పష్టంగా వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. పాడగలిగిన మనిషి మంచినీళ్లెందుకు అడగలేరు? ఆ అమ్మాయి ‘మంచినీళ్లు కావాలి’ అన్నదాన్ని పాటలా చేసి, ఇంట్లో రోజంతా అనిపించమంది. వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ నేను అదే పాడాను. పక్కింటివాళ్లు ఏమనుకున్నారో తెలియదు. ఆయన మాత్రం నోరు తెరవలేదు.

ఒక శనివారం తిరుగు ప్రయాణంలో బండి భీమడోలులో ఆగిపోయింది. ఎండ, చెమట, ఎదుటి సీట్లో చేపల బుట్ట.

“నాకు పాజిటివ్‌గా ఉండటం రావట్లేదండీ. అలిసిపోయాను” అన్నాను.

ఆయన ఎడమ చేయి నా తల మీద పెట్టి, “స్తోత్రం” అన్నారు.

నీళ్లడిగారనుకుని సీసా మూత తీసి ఇచ్చాను. తీసుకోలేదు. చేయి అలాగే ఉంచి, కళ్లు మూసుకుని, బండి కదిలేదాకా అదే మాట మెల్లగా అంటూ కూర్చున్నారు. నా కోసం ప్రార్థన చేస్తున్నారని అప్పటికి గాని నాకు తట్టలేదు.

తర్వాతి నెలలో పాస్టరు గారు వచ్చి, ఆదివారం చర్చిలో మా ఆయన్ని ముందు నిలబెట్టి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పిద్దామన్నారు. ఆ ఒక్క మాట చాలునన్నారు. నేను జవాబు చెప్పేలోపే మా ఆయన తల అడ్డంగా ఊపి, పెదాలు బిగించి, “వ... వద్దు” అన్నారు.

పాస్టరు గారు మా ఆయన చేయి పట్టుకుని, “సరేనండీ, తప్పు నాదే” అన్నారు. వెళ్తూ ఫ్రిజ్ మీది కాగితం తీసేయమంటారా అని నన్నడిగారు. తీసేయమన్నాను.

ఇప్పుడు ఆయనకు కొన్ని మాటలు వచ్చాయి. ఉప్పును పంచదార అంటారు, నన్ను ఒక్కోసారి బస్సు అంటారు. నా ప్రార్థన మాత్రం చిన్నదైపోయింది. ఈ పూటకు ఓపిక ఇవ్వమని దేవుణ్ణి అడుగుతాను. కొన్ని పూటలు ఇస్తాడు. లేని పూట మా ఆయన మీద అరిచి, తర్వాత పక్కన కూర్చుని క్షమించమంటాను. ఆయన కాసేపు మాట వెతుక్కుని, “పర్లేదు” అంటారు.