కరెంటు పోయిన ఇంట్లో నా భయం పోయింది

సహోదరీ సహోదరులారా, పోయిన చలికాలం మొదట్లో మా ఇంట్లో పొయ్యి వెలగలేదు, హీటర్లు చల్లబడిపోయాయి, మా పాప హన్నా ఉబ్బసానికి ఆవిరి మందు పట్టే మిషను కరెంటు లేక ఆగిపోయింది. ఆ చీకటిలోంచి దేవుడు మమ్మల్ని ఎలా బయటికి తెచ్చాడో చెప్పడానికి నిలబడ్డాను. పాటైతే అందుకుంటాను గాని, మాట్లాడమంటే వెనక వరుసలో దాక్కునే దాన్నని మీకందరికీ తెలుసు.

మేము జిండెల్ఫింగెన్‌లో ఒక పాత అపార్ట్‌మెంటులో అద్దెకుంటున్నాం. నా భర్త ప్రభాకర్ గారికి పక్కనే బ్యోబ్లింగెన్‌లో ఐటీ ఉద్యోగం, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీ వచ్చాం. మా కింది అంతస్తులో ఉండే ఒకాయన బేస్‌మెంటులోని మెయిన్ లైనుకు దొంగ వైరు తగిలించి చాలాకాలంగా కరెంటు వాడుకుంటున్నాడట. ఒక మధ్యాహ్నం ఆ వైర్లు కాలి మెట్లన్నీ పొగతో నిండిపోయాయి. ఫైరింజన్ వచ్చి ఆర్పింది, ప్రాణాలకేమీ కాలేదు, దేవునికి స్తోత్రం. కానీ కరెంటువాళ్ళు వచ్చి బిల్డింగు మొత్తానికి సరఫరా ఆపేసి, వైర్లూ బోర్డూ అన్నీ కొత్తవి వేస్తేనే మళ్ళీ ఇస్తామని సీలు వేసి వెళ్ళారు. హీటింగ్ పంపు కూడా కరెంటుతోనే నడుస్తుంది కనుక అదీ ఆగింది. వైరు తగిలించిన మనిషి సామాను సర్దుకుని ఎటో వెళ్ళిపోయాడు.

ఇంటి ఓనరుకు ఫోన్ చేస్తే, "తప్పు నాది కాదు. చేసినవాడి మీద కేసు నడుస్తోంది, పోలీసులు తేల్చేదాకా ఆగండి," అని పెట్టేశారు.

ప్రభాకర్ గారు మెల్లగా అన్నారు, "మనకెందుకు సునీతా ఈ గొడవ. పర్మనెంటు వీసాకి పెట్టుకోబోతున్నాం. ఓనరు మీదకెళ్తే మన ఫైల్లో ఏం రాస్తారో ఏంటో. కొన్నాళ్ళు సర్దుకుందాం."

నేనూ సరేనన్నాను. చిన్నప్పుడు తెనాలిలో మేము ఎన్ని అద్దె ఇళ్ళు మారామో, ప్రతి ఓనరు ముందూ మా నాన్న ఎలా చేతులు కట్టుకుని నిలబడేవారో చూసి, అద్దెకున్నవాళ్ళు నోరెత్తకూడదని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నదాన్ని. కాబట్టి ఓనరు మనసు కరిగించమని ఉపవాసముండి ప్రార్థించాను గాని, ఓనరుకు మళ్ళీ ఫోన్ చేయలేదు.

మా వీధి చివర శ్రీలత అని కరీంనగర్ అమ్మాయి ఉంటుంది, తనూ ఐటీలోనే పనిచేస్తుంది. వాళ్ళింట్లో రోజూ దీపం పెడతారు, మా ఇంట్లో రోజూ ప్రార్థన చేస్తాం, ఆ తేడా మా ఇద్దరి మధ్యకు ఎన్నడూ రాలేదు. రాత్రిళ్ళు వాళ్ళ హాల్లో పడుకోమని ఎంత బలవంతపెట్టినా మొహమాటపడి, పాపకు ఆవిరి పట్టడానికి మాత్రం పొద్దునా సాయంత్రం మిషను పట్టుకుని వెళ్ళేదాన్ని.

ఒక ఉదయం మంచు పడుతోంది. సగం దారిలో హన్నాకు ఊపిరి ఆడలేదు, పెదవులు నీలంగా మారాయి. పాపను ఎత్తుకుని పరుగెత్తాను. శ్రీలత తలుపు తీసి, నా చేతిలోంచి మిషను లాక్కుని తానే తగిలించింది. కాసేపటికి ఊపిరి కుదుటపడ్డాక పాప కళ్ళు తెరిచి, "ఇస్ట్ డెర్ స్ట్రోమ్ డా, మామా?" అంది. కరెంటు వచ్చిందా అమ్మా అని.

నేను ఏడుస్తుంటే శ్రీలత పక్కన కూర్చుంది. "అక్కా, దేవుణ్ణి అడుగుతున్నవ్, మంచిదే. మరి ఓనర్‌ని ఎందుకు అడుగుతలేవు? నువ్వేమన్న తప్పు చేసినవా? ఈడ కిరాయిదార్ల సంఘం ఉంటది, లాయర్లు కూసుంటరు. లాయర్ని కలిసేతందుకు టెర్మిన్ తీసుకుంట, నీతోని నేనే వస్త."

ఇంటికి వచ్చి ఆ చల్లటి గదిలో మోకరించాను. "ప్రభువా, ఇన్నాళ్ళూ ఓనరును మార్చమని అడిగాను. ఇప్పుడు నా భయం తీసెయ్యి తండ్రీ. నా బిడ్డ కోసం నా నోట మాట ఉంచు." కరెంటు రాలేదు, గది వెచ్చబడలేదు, కానీ లేచి శ్రీలతకు ఫోన్ చేసి, లాయరు దగ్గరకు వెళ్దాం అన్నాను. దేవుని పని అక్కడ మొదలైంది.

అద్దెకున్నవాళ్ళ సంఘంలోని లాయరమ్మ అంతా ఓపికగా విన్నది. "వైరు ఎవరు తగిలించారన్నది ఓనరుకూ ఆ మనిషికీ మధ్య విషయం. ఇల్లు ఉండడానికి వీలుగా ఉంచవలసింది ఓనరే. ఇలా ఉన్నంతకాలం అద్దె తగ్గించుకునే హక్కు మీకుంది, కానీ తొందరపడి ఆపేయకండి, అభ్యంతరం ఉందని రాసిచ్చి అద్దె కట్టండి, తర్వాత వెనక్కి అడగవచ్చు. గడువు పెట్టి నోటీసు ఇద్దాం. అప్పటికీ చేయకపోతే, పాప అనారోగ్యం చూపించి కోర్టును అత్యవసర ఆదేశం అడుగుదాం," అంది. వీసాకు ఏమైనా అవుతుందా అని భయంభయంగా అడిగాను. "హక్కు అడిగినందుకు ఎవరి వీసా పోదమ్మా," అని నవ్వింది.

నోటీసు అందుకున్న ఓనరు నేరుగా బిల్డింగుకే వచ్చి, మెట్ల దగ్గర అందరి ముందూ నన్ను నిలదీశారు. "అందరూ ఊరుకున్నారు. మీకే ఎందుకింత తొందర?"

నా జర్మన్ సంగతి మీకు తెలుసు. అయినా తడబడుతూనే చెప్పాను, "నా పాపకు ఊపిరి ఆడడం లేదు. నేను కోపంతో అడగడం లేదు. మీరు చేయవలసిన పని చేయమంటున్నాను." నా వెనక నిలబడ్డ ప్రభాకర్ గారు ముందుకు వచ్చి, "మా ఆవిడ చెప్పిందే నా మాట కూడా," అన్నారు. వీసా గురించి అంత భయపడిన మనిషి నోట ఆ మాట వింటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఓనరు దిగిరాలేదు. గడువు దాటిపోయింది. కోర్టుకు వెళ్ళాం. జడ్జి వెంటనే పని చేయించమని ఆదేశమిచ్చాక ఎలక్ట్రీషియన్లు వచ్చి కొత్త బోర్డు బిగించారు. మా ఒక్క ఇంటికే కాదు, బిల్డింగులో అందరికీ కరెంటు వచ్చింది. పై అంతస్తులో ఒంటరిగా ఉండే జర్మన్ పెద్దావిడ కేకు పట్టుకుని వచ్చి, "నేనూ భయపడే ఊరుకున్నాను," అని నన్ను కౌగిలించుకుంది. ఈ దేశంలో పుట్టినవాళ్ళకు కూడా ఆ భయం ఉంటుందని అంతవరకు నాకు తెలియదు.

సహోదరులారా, కరెంటు వైర్లు ఎలక్ట్రీషియన్లు వేశారు, ఆదేశం జడ్జి ఇచ్చారు, నా చెయ్యి పట్టుకుని శ్రీలత నడిపించింది, వాళ్ళందరినీ నా దారిలో నిలబెట్టింది మాత్రం నా దేవుడే, ఆయనకే మహిమ. ఈ మధ్యే వచ్చిన చదువుకునే పిల్లలు మీలో చాలామంది ఉన్నారు. హీటింగ్ లేని గదుల్లో, అడిగితే వెళ్ళగొడతారేమోనని నోరు మూసుకుని ఉంటున్నవాళ్ళు ఇక్కడే ఉన్నారని నాకు తెలుసు. అమ్మా, నాయనా, ప్రభువును నమ్మండి. ఆయన ముందు అడగడం నేర్చుకున్నవాళ్ళు మనుషుల ముందు అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఆరాధన అయ్యాక నేను ఈ హాలు వంటగదిలో టీ పోస్తూ ఉంటాను, రండి. ముందు కలిసి ప్రార్థన చేసుకుందాం, తర్వాత మీ ఓనరుకు ఏం చెప్పాలో కూర్చుని మాట్లాడుకుందాం.