కొంచెం అడ్జస్ట్

మా చిన్నస్వామి మామకి ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట వచ్చు. ఆ ఒక్క మాటతోనే ఆయన మద్రాసు చింతాద్రిపేటలో వ్యాపారం చేశాడు, సంసారం ఈదాడు, నలుగురి తగాదాలు తీర్చాడు, నలుగురితో తగాదాలు తెచ్చుకున్నాడు. ఆ మాట ‘అడ్జస్ట్’. దాని ముందు ‘కొంచెం’ అని తగిలించేవాడు గనక వినేవాళ్లు సరేననేవాళ్లు. తీరా సరేనన్నాక, ఆ కొంచెం ఎంతో అప్పుడు తెలిసేది.

నాన్నకి తిరుత్తణికి బదిలీ అయినప్పుడు నేను కాలేజీ చదువు కోసం మామ ఇంట్లో ఉండిపోయాను. ఒక మూలగది చూపించి, అందులోనే నాకూ, నా పుస్తకాలకూ, అత్త కుట్టుమిషనుకూ చోటు కేటాయించాడు.

“చూడమ్మా వాసంతీ, కొంచెం అడ్జస్ట్ చేసుకుంటే ఇది రాజమహలు” అన్నాడు.

ఆ రాజమహల్లో నేను నిద్రలో కాళ్లు చాపితే మిషను తిరిగేది.

మామది గుండీలు, దారాలు, రిబ్బన్లు అమ్మే అంగడి. ఒకసారి ఒకావిడ చిలకపచ్చ గౌను గుడ్డ తెచ్చి, ఆ రంగు గుండీలే కావాలంది. మామ డబ్బాలన్నీ కిందా మీదా చేసి, చివరికి నీలం గుండీలు ఆవిడ ముందు పోశాడు.

“ఇది పచ్చ కాదే అన్నా!”

“లైటు ఆర్పితే పచ్చే తల్లీ. కొంచెం అడ్జస్ట్ చేసుకో.”

“లైటు ఆర్పితే గౌను కూడా కనపడదు కదన్నా!”

“చూసినావా, అడ్జస్ట్ అయిపోయింది!”

ఆవిడ నవ్వు ఆపుకోలేక నీలం గుండీలే కొనుక్కుపోయింది.

ఆయన నోట్లో ఆ మాటకి లేని అర్థం లేదు. పెళ్లిలో బంతి నిండిపోతే అడ్జస్ట్ అంటే ‘జరుగు’. సాంబారులో ఉప్పెక్కువైతే ‘మాట్లాడకుండా తిను’. ఆయన ఆలస్యంగా ఇంటికొస్తే ‘ఎందుకని అడక్కు’. అత్త అలిగి పెట్టె సర్దుకుంటుంటే ‘తప్పయిపోయింది, ఉండిపో’. మద్రాసు పేరు చెన్నై అయినప్పుడు వీధంతా టీకొట్టు దగ్గర చేరి వాదులాడుకుంటుంటే, మామ ఒక్క ముక్కలో తేల్చేశాడు. “ఊరు ఈడనే ఉండాది కదప్పా, పేరే కదా మారింది? కొంచెం అడ్జస్ట్ అయిపోదాం.”

డాక్టరు దగ్గరా అదే వరస. ఆయన బీపీ చూసి ఉప్పు మానెయ్యమన్నాడు.

“అది కష్టం సార్. మీరే ఆ నంబరు కొంచెం అడ్జస్ట్ చేసి రాయండి.”

“రాస్తే మీ బీపీ తగ్గుతుందా?”

“మా ఇంట్లో ఆమెకి తగ్గుతుంది సార్!”

ఇంతకీ నిజంగా అడ్జస్ట్ చెయ్యాల్సిన వస్తువు మా ఇంట్లో ఒక్కటే ఉండేది, మిద్దె మీది టీవీ యాంటెన్నా. అది మాత్రం ఆయనకి చేతయ్యేది కాదు. పైన ఆయన తిప్పుతుంటే, కింద కిటికీలోంచి అలివేలుమంగత్త అరిచేది.

“వచ్చింది! పోయింది! ఇప్పుడు సగం బొమ్మ ఉండాది!”

“మిగతా సగం నువ్వు కొంచెం అడ్జస్ట్ చేసుకో!”

అత్త టీవీ కట్టేసి వంటింట్లోకి పోయేది.

వీధిలో అందరం ఆయన్ని ఆటపట్టించేవాళ్లం. మంచి మనిషే కానీ, ఊరందర్నీ జరిపి తాను సుఖంగా కూచునే రకమని మా అభిప్రాయం. లూర్దుమేరి విషయం వచ్చేదాకా ఆ అభిప్రాయం చెక్కుచెదరలేదు.

లూర్దుమేరి మా వీధి మొదట్లో పాత గిడ్డంగి గోడ పక్కన ఇడ్లీలు అమ్మేది. భర్త లేడు. కూతురు జనని నర్సు చదువు ఆ ఇడ్లీల మీదే నడుస్తోంది. గిడ్డంగి కొన్న కొత్త ఆసామి సరిగ్గా ఆమె పొయ్యి ఉన్న చోటే గేటు పెట్టించాలనుకున్నాడు. తాపీ మేస్త్రి వచ్చి, పొయ్యి తీసెయ్యమని చెప్పి గోడ మీద సున్నంతో గీత గీసి పోయాడు. గోడ ఆయనది, కాదనడానికి లేదు. వీధిలో ఇంకెక్కడా చోటూ లేదు. గేటు గీత పక్కనుంచి వరసగా ఏకాంబరం సైకిళ్ల రిపేరు, మునిస్వామి గొడుగుల రిపేరు, కాళిముత్తు పండ్ల బండి ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేవి. ఆ చివర మా మామ అంగడి, దాని ముందు వీధిలోకి పొడుచుకొచ్చిన అద్దాల బీరువా.

లూర్దుమేరి గిన్నెలు బోర్లించి మామ దగ్గరికి వచ్చింది.

“ఇంక మాధవరం పక్క పోయి చూస్తాన్నా. చెప్పిపోదామని వచ్చినా.”

“ఆడ నీకు ఎవరన్నా తెలుసునా?”

“ఎవరూ తెలీదన్నా.”

“మరి ఆడికి పోయి ఎవరికి అమ్ముతావు? ఉండు.”

ఆ సాయంత్రం మామ అంగడి నాకు అప్పగించి బయలుదేరాడు.

“ఏకాంబరం, కొంచెం అడ్జస్ట్ చెయ్యప్పా. జానెడు చాలు.”

“అయ్యో, మళ్లీనా! మీకెందుకన్నా జానెడు?”

“నాకు కాదప్పా, లూర్దుమేరికి.”

ఏకాంబరం సణిగాడు. మునిస్వామి గొణిగాడు. కాళిముత్తయితే, జానెడు జరిగితే బత్తాయిలు ఎక్కడ పెట్టేదని పోట్లాటకే వచ్చాడు. కానీ ముగ్గురూ పొద్దున్నే ఆమె చేతి ఇడ్లీ తిని పని మొదలుపెట్టేవాళ్లే. చివరికి ఒప్పుకున్నారు.

మర్నాడు పొద్దున చూస్తే అందరూ మాట నిలబెట్టుకున్నారు. ఏకాంబరం తూర్పుకి జరిగాడు, మునిస్వామి పడమటికి జరిగాడు. కాళిముత్తు ఎందుకొచ్చిన గొడవని బండిని వెనక్కి, గోడకేసి నెట్టాడు. సందులు వచ్చాయి గానీ, పొయ్యి కాదు కదా పోపుల డబ్బా కూడా పట్టేది ఒక్కటీ లేదు. ఒక సందులో మేకపిల్ల అప్పుడే దూరి నెమరేస్తోంది.

మామ తల పట్టుకున్నాడు.

“ఏ పక్కకి జరగాలో చెప్పలేదా మామా?” అన్నాను.

“అడ్జస్ట్ అన్నా కదమ్మా! ఇన్నేండ్లలో ఏ పక్కకని ఒక్కడూ అడగలా!”

మళ్లీ అందర్నీ పోగేశాడు. ఈసారి నోటిని నమ్ముకోకుండా చెయ్యి చాపి చూపించాడు. అందరూ తన అంగడి వైపుకే జరగాలి, అప్పుడు ఖాళీ అంతా గేటు పక్కన ఒకచోట చేరుతుంది. కాళిముత్తు ఊపుగా బండి నెట్టాడు. అది అద్దాల బీరువా దాకా వచ్చి ఆగిపోయింది. వెనక మునిస్వామి ఆగాడు, ఏకాంబరం ఆగాడు.

“అన్నా, మేము జరగాలంటే మీ బీరువా అడ్డం” అన్నాడు కాళిముత్తు మెల్లిగా.

ఆ బీరువా మామ వాళ్ల నాన్న చేయించిన టేకు బీరువా. అద్దాల వెనక రంగురంగుల గుండీలు మెరుస్తుంటే దారినపోయేవాళ్లు ఆగేవాళ్లు. అది లేకపోతే లోపల అంగడి ఉందని కూడా తెలియదు. మామ రోజూ తానే తుడిచేవాడు, అత్తని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. లూర్దుమేరి, “వద్దన్నా, పోనీండి, నేను మాధవరమే పోతా” అంది.

మామ బీరువాని ఒకసారి చేత్తో తడిమాడు. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, “పట్టండప్పా. అద్దాలు జాగర్త” అన్నాడు.

అందర్నీ జరగమనే ఈ మనిషి అందరికంటే ఎక్కువ జరగగలడని నాకు ఆ రోజే తెలిసింది. అంత ప్రేమగా ఆయన్ని నేను ఎప్పుడూ చూసి ఉండను.

బీరువా మా ఇంటి నడవలోకి వచ్చింది. అత్త వంటింటి గడపలో చిక్కుకుపోయింది.

“ఏందండీ ఇది? ఇంక మనుషులు ఎట్ల పొయ్యేది?”

“పక్కకి తిరిగి పోదాం. కొంచెం అడ్జస్ట్...”

అత్త ఏదో అనబోయింది. నేను సంగతి చెప్పాను. ఆమె కొంగుతో అద్దాల మీది దుమ్ము తుడిచింది. మామ వద్దనలేదు.

మూడో రోజు పొద్దున లూర్దుమేరి గేటు పక్కన కొత్త పొయ్యి వెలిగించింది. పొయ్యికీ, గిన్నెలకీ, ఆమెకీ కొలిచినట్టు చోటు సరిపోయింది. తొలి వాయి ఇడ్లీలు మామకే పెట్టింది. ఆయన ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే, రాసాత్తి అని పూలమ్మే అమ్మాయి చంకలో బుట్టతో వచ్చింది. ఎక్కడ కూచోవాలో తెలియక వరస పొడుగునా చూసుకుంటూ మా ముందు నిలబడింది.

మామ మా అందరి వైపూ చూసి గొంతు సవరించుకున్నాడు. కాళిముత్తు భయంతో బత్తాయిల మీద చేతులు పెట్టుకున్నాడు.

అంతలో లూర్దుమేరి లేచింది. గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, తాను పొయ్యికి ఆనుకునేంత దగ్గరగా జరిగి, పక్కన పిడికెడు చోటు చేసింది.

“ఏంమా, ఎండలో నిలుచున్నావు? ఇట్ల రా, ఈడ కూచో.”

మా మామ నోటిదాకా వచ్చిన మాటని ఇడ్లీతో సహా మింగేశాడు.